నిద్ర పట్టట్లేదా, పరుపు మార్చే ముందు గది సంగతి చూడండి

నిద్ర సరిగ్గా పట్టట్లేదు అనగానే చాలామంది కొత్త పరుపు కొనేస్తారు, నన్నడిగితే అంతకన్నా ముందు చూడాల్సింది వెలుతురు. మన కంటి రెటీనాలో కొన్ని కణాలు ఉంటాయి, వాటి ముఖ్యమైన పని ఇప్పుడు పగలా రాత్రా అని మెదడుకి చెప్పడం, అవి నీలం వెలుతురుకి బాగా స్పందిస్తాయి, రాత్రిపూట ఆ వెలుతురు కళ్ళల్లో పడుతుంటే నిద్ర వేళైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ తయారవ్వడం తగ్గిపోయి నిద్ర వెనక్కి పోతుంది.

అందుకే ఇవాళ రాత్రి ఒక పని చేయండి. లైట్లన్నీ ఆపేసి పడుకుని, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, గదంతా ఒకసారి చూడండి. ఏసీ మీద నంబర్లు, రౌటర్ లైటు, ఛార్జర్ చుక్క, తలుపు కింద సందు, కర్టెన్ పక్కల్లోంచి వీధిలైటు, ఇవన్నీ అప్పుడు గానీ కనపడవు. చిన్న లైట్లకి నల్ల టేపు అంటించేయండి, తలుపు కింద పాత టవల్ చుట్టి పెట్టండి. కర్టెన్ సరిగ్గా కిటికీ అంతే ఉంటే లాభం లేదు, రెండు పక్కలా జానెడు ఎక్కువ ఉండాలి, రాడ్ కూడా ఫ్రేము కన్నా పైకి బిగించాలి. పెద్దవాళ్ళు రాత్రి లేస్తుంటారు అనుకుంటే మాత్రం పూర్తి చీకటి వద్దు, పడిపోతారు, బాత్రూమ్ దారిలో నేలకి దగ్గరగా ఎర్రటి చిన్న లైటు పెట్టండి చాలు. పడుకునే ముందు వాడే బల్బు 2700 కెల్విన్ ఉన్నది, అంటే పసుపు రంగు వెలుతురు ఇచ్చేది తీసుకోండి, అట్టపెట్టె మీదే రాసుంటుంది.

తర్వాత వేడి. నిద్రలోకి జారాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి, గది ఉక్కగా ఉంటే అది తగ్గదు. మామూలుగా 18-20 డిగ్రీలు బావుంటుందంటారు గానీ అంత చల్లదనం అందరికీ కుదరదు కదా, పగలు ఎండ పడే కిటికీలకి కర్టెన్లు మూసి ఉంచి, బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తీసి గాలి ఆడనిచ్చినా చాలా తేడా తెలుస్తుంది. పడుకునే ముందు ఒక గంటా రెండు గంటల ముందు గోరువెచ్చటి నీళ్ళ స్నానం కూడా పనిచేస్తుంది, చర్మానికి రక్తం బాగా చేరి ఒంట్లో వేడి బయటికి పోతుంది.

చప్పుడు విషయంలో, ఒకే తీరుగా వచ్చే ఫ్యాన్ మోత కన్నా ఉన్నట్టుండి వచ్చే హారన్, కుక్క అరుపు ఎక్కువ లేపుతాయి. ఇయర్‌ప్లగ్స్ పడకపోతే ఫ్యాన్ మోతనే ఉంచుకోండి, బయటి శబ్దాల్ని కొంత కప్పేస్తుంది.

దిండు పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి కాస్త ఎత్తుగా, బోర్లా పడుకునేవాళ్ళకి బాగా పల్చగా ఉండాలి. దుప్పట్లు, దిండు కవర్లు వారానికోసారి ఉతకండి.

ఫోన్ ఛార్జింగ్ వేరే గదిలో పెట్టండి, అలారం కోసం మామూలు గడియారం ఉంటే చాలు, దాని ముఖం కూడా గోడవైపు తిప్పేయండి, టైమ్ చూసేకొద్దీ కంగారే తప్ప నిద్ర రాదు. 20 నిమిషాలైనా పట్టలేదు అనిపిస్తే మంచం మీద దొర్లకుండా లేచి వేరేచోట మసక లైట్లో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ మంచం ఎక్కండి.

ఇవన్నీ చేసినా వారాల తరబడి అలాగే ఉంటే, లేదా గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని పక్కవాళ్ళు చెప్తుంటే, దయచేసి డాక్టర్‌కి చూపించుకోండి, అది గది సర్దితే పోయేది కాదు.