నేచురల్ వండర్ పక్కన నగరం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ ఆటలో స్కౌట్ (మ్యాప్‌ను వెతికే యూనిట్) అడవి దాటి బయటికి రాగానే ఆట కాసేపు ఆగి, కిలిమంజారో, ఎవరెస్ట్ లాంటి నేచురల్ వండర్‌ను (ప్రకృతి వింతను) తెర నిండా చూపిస్తుంది. అప్పటిదాకా నది ఒడ్డున మంచి చోటికి నడుస్తున్న సెట్లర్‌ను (కొత్త నగరం పెట్టే యూనిట్‌ను) తర్వాతి టర్న్‌లో అటు మళ్లించేస్తాం. చాలా ఆటలు పాడయ్యేది ఇక్కడే. వండర్ కంటపడితే వచ్చే లాభం వేరు, దాని పక్కన నగరం పెడితే వచ్చే లాభం వేరు. మొదటిది దాదాపు ఉచితం. రెండోదానికి ఖర్చుంది, ఆ ఖర్చు సెట్లర్ కదలకముందే లెక్క వేసుకోవాలి.

ముందు ఉచితంగా వచ్చేదాన్ని పోగొట్టుకోకండి. 6లో వండర్ ఒకటి కనపడితే ఆస్ట్రాలజీ అనే టెక్నాలజీకి యురేకా (పరిశోధనలో కొంత భాగం ఉచితంగా పూర్తవడం) దొరుకుతుంది. స్కౌట్ ఇంకా తిరుగుతుండగా ఆస్ట్రాలజీని తొందరపడి పూర్తి చేస్తే ఆ యురేకా వృథా. మతం మీద ఆశ ఉంటే సగం దాకా చదివి పక్కన పెట్టి, పాటరీనో మైనింగో చూసుకోవడం మేలు. 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్ విస్తరణతో ఆడేవారికి ఎరా స్కోర్ (ఆ యుగంలో మీ ఘనతలకు వచ్చే పాయింట్లు) కూడా కలుస్తుంది. సివిలైజేషన్ 5లో అయితే కనిపెట్టిన ప్రతి వండర్‌కూ ఒక హ్యాపీనెస్ పాయింట్ వస్తుంది. స్పెయిన్‌కు వండర్‌ను అందరికన్నా ముందు చూస్తే 500 గోల్డ్, వెనకబడితే 100. స్పెయిన్‌తో ఆడుతూ ఒక్క స్కౌట్‌తో సరిపెట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఇక నగరం సంగతి. మొదట తేల్చుకోవాల్సింది ఆ వండర్ ఏ రకమన్నది. 6లో కొన్నింటి మీద జనాన్ని నేరుగా పనికి పెట్టొచ్చు. పాంటనాల్ నాలుగు టైల్స్ (మ్యాప్‌లోని గళ్లు), ఒక్కో టైల్‌కు 2 ఫుడ్, 2 కల్చర్. గ్రేట్ బారియర్ రీఫ్ రెండు టైల్స్, ఒక్కోదానికి 3 ఫుడ్, 2 సైన్స్. రెండో రకం వండర్లు అడుగు పెట్టనివ్వవు, చుట్టూ ఉన్న టైల్స్‌కు మాత్రం ఇస్తాయి. కిలిమంజారో పక్క టైల్స్‌కు 2 ఫుడ్, గాలపాగోస్ పక్క టైల్స్‌కు 2 సైన్స్. టోరెస్ డెల్ పైనే పక్క నేల ఇచ్చేదాన్ని రెట్టింపు చేస్తుంది.

మోసపోయేది ఈ రెండో రకంతోనే. పక్క టైల్ ఎడారైతే రెట్టింపు చేసినా సున్నా సున్నానే. గాలపాగోస్ చుట్టూ ఎక్కువగా సముద్రమే ఉంటుంది కాబట్టి ఆ సైన్స్ తీసుకోవాలంటే జనాన్ని నీళ్ల మీదికి పంపాలి. అందుకని వండర్‌ను వదిలేసి దాని చుట్టూ ఉన్న టైల్స్‌ను ఒక్కొక్కటిగా చూడండి. నగరానికి మూడు టైల్స్ దూరం వరకే జనం పనిచేస్తారు. ఆ పరిధిలో పనికొచ్చేవి రెండే ఉంటే అంత దూరం నడవడం దండగ.

నీళ్లు మరీ ముఖ్యం. మంచినీళ్లు ఉన్నచోట హౌసింగ్ (ఎంత జనాభాకు చోటుందో చెప్పే అంకె) 5తో మొదలవుతుంది, తీరంలో 3, నీళ్లే లేకపోతే 2. అందంగా ఉందని పొడి నేల మీద పెట్టిన నగరం ఇద్దరు ముగ్గురితో ఆగిపోతే, వండర్ టైల్స్‌కు పంపడానికి జనమే ఉండరు. పైగా 6లో ప్రతి సెట్లర్ ముందుదానికన్నా ఖరీదు, తయారైన నగరంలో ఒక జనాభాను కూడా తీసుకుపోతుంది. 5లో లెక్క వేరే రకంగా తగులుతుంది. ప్రతి కొత్త నగరం వల్ల 3 అసంతృప్తి, ప్రతి పౌరుడి వల్ల ఇంకొకటి. దగ్గర్లో లగ్జరీ వనరు ఏదీ లేకపోతే వండర్ ఇచ్చిన ఆనందమంతా అందులోనే కరిగిపోతుంది.

దారిలో బార్బేరియన్లు ఉంటారు, సెట్లర్‌ను ఒంటరిగా పంపకండి. ఇంతకు మించి చెప్పేదేమీ లేదు. 6లో రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చిన లాయల్టీని, అంటే నగరం మీకు విధేయంగా ఉండటాన్ని, మాత్రం చాలామంది మరిచిపోతారు. తొమ్మిది టైల్స్ లోపల ఉన్న పక్క రాజ్యపు జనం మీ నగరాన్ని తమ వైపు లాగుతారు. మీ మిగతా నగరాలు దూరంగా ఉండి, వండర్ వాళ్ల గుమ్మం ముందు ఉంటే, కొన్ని టర్న్‌లలో నగరం తిరగబడి చివరికి వాళ్ల చేతికే పోవచ్చు. సెట్లర్‌ను ఎంచుకున్నప్పుడు మ్యాప్ మీద కనపడే లాయల్టీ అంకెలు ఎర్రగా ఉంటే ఆ వండర్‌కు నమస్కారం పెట్టి వెనక్కి రండి.

2019లో 6కు గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణ వచ్చాక ఇంకో టెన్షన్ మొదలైంది. కిలిమంజారో, వెసూవియస్, ఎయాఫ్యాట్లయోకుట్ నిజంగానే పేలతాయి. పేలితే పక్క టైల్స్‌లోని పొలాలు, గనులు, డిస్ట్రిక్ట్‌లు (ఒక టైల్ మొత్తాన్ని తీసుకునే ప్రత్యేక కట్టడాలు) దెబ్బతింటాయి, అక్కడున్న యూనిట్లకు గాయాలవుతాయి, జనాభా తగ్గొచ్చు. అలాగని పారిపోనక్కర్లేదు. లావా పడ్డ నేల సారవంతమై, యీల్డ్ (టైల్ ఇచ్చే ఫుడ్, ప్రొడక్షన్ లాంటివి) పెరుగుతూ పోతుంది. పాడైన పొలాన్ని బిల్డర్ తన ఛార్జ్ (తనకున్న పరిమిత పనుల్లో ఒకటి) ఖర్చు కాకుండానే బాగుచేస్తాడు. డిస్ట్రిక్ట్ పాడైతే మాత్రం నగరం తన ప్రొడక్షన్ పెట్టి బాగుచేసుకోవాలి. కాబట్టి నా సలహా ఇది: అగ్నిపర్వతాన్ని ఆనుకుని పొలాలు, గనులే ఉంచండి. క్యాంపస్, థియేటర్ స్క్వేర్ లాంటి డిస్ట్రిక్ట్‌లు రెండు టైల్స్ అవతల కట్టండి. లియాంగ్ గవర్నర్‌గా ఉండి రీఇన్ఫోర్స్‌డ్ మెటీరియల్స్ ప్రమోషన్ తీసుకుంటే ఆ నగరంలో ఇలాంటి నష్టం జరగదు, అప్పుడు ధైర్యంగా కట్టుకోవచ్చు. ఆట మొదలుపెట్టే ముందు డిజాస్టర్ ఇంటెన్సిటీ (విపత్తుల తీవ్రత) ఎంతలో ఉందో కూడా చూసుకోండి. ఆ తీవ్రతను 4కి పెట్టుకుని వెసూవియస్ పక్కన రాజధాని కట్టడం కోరి తెచ్చుకునే కష్టం.

హోలీ సైట్ అనే మతపరమైన డిస్ట్రిక్ట్ వండర్ పక్కన ఉంటే 2 ఫెయిత్ అదనం. మంచిదే, కానీ డిస్ట్రిక్ట్ కట్టిన టైల్ తన ఫుడ్, ప్రొడక్షన్ కోల్పోతుంది. కిలిమంజారో పక్కన ఫుడ్ ఎక్కువున్న టైల్ మీద హోలీ సైట్ పెడితే, వచ్చే ఫెయిత్ ఎంతో, పోయే ఫుడ్ ఎంతో పక్కపక్కనే పెట్టి చూడండి. అన్నింటికన్నా బలహీనమైన పక్క టైల్‌ను హోలీ సైట్‌కు ఇవ్వడం సాధారణంగా సరైన పని.

కల్చర్ విజయం కోసం ఆడుతుంటే ఇప్పుడే మరో పని చేయాలి. కన్జర్వేషన్ అనే సివిక్ (కల్చర్‌తో పూర్తిచేసే పరిశోధన) తర్వాత ఫెయిత్‌తో నేచురలిస్ట్ అనే యూనిట్‌ను కొని నేషనల్ పార్క్ పెట్టొచ్చు. దానికి నిలువు వజ్రం ఆకారంలో నాలుగు టైల్స్ కావాలి. నాలుగూ ఒకే నగరానివై ఉండాలి, వాటి మీద పొలం, గని లాంటి ఇంప్రూవ్‌మెంట్ గానీ డిస్ట్రిక్ట్ గానీ ఉండకూడదు, ప్రతి టైల్ కొండో వండరో మంచి అప్పీల్ (టైల్ ఎంత ఆకర్షణీయమో చెప్పే విలువ) ఉన్నదో కావాలి. ఇదంతా ఆట చివర్లో గుర్తొస్తే అప్పటికే అక్కడ గని ఉంటుంది, పక్క గని వల్ల అప్పీల్ పడిపోయి ఉంటుంది. నగరం పెట్టిన రోజే ఆ నాలుగు టైల్స్ మీద మ్యాప్ పిన్‌లు గుచ్చి, బిల్డర్‌ను అటు పోనివ్వకండి. వాటిలో ఒకటి పక్క నగరం కిందికి వెళ్లిపోతే, నేచురలిస్ట్‌ను కొనకముందే సిటిజన్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ టైల్‌ను ఈ నగరానికి మార్చుకోండి.