హారర్ సినిమాకి రివ్యూ: ‘భయపెట్టింది’ అన్నాక ఇంకేం రాయాలి?

‘భయపెట్టింది’, ‘భయపెట్టలేదు’. హారర్ రివ్యూల్లో చాలావరకు ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతాయి. భయం మనిషిని బట్టి మారుతుంది. దాన్ని ఏ షాట్‌లో, ఏ శబ్దంతో, ఎంతసేపు ఆగి పుట్టించారన్నది మాత్రం తెర మీదే ఉంటుంది. చదివేవాళ్లకి చెప్పాల్సింది అదే.

రాసే ముందు మీరు చూసింది ఏ ప్రింటో తేల్చుకోండి. జార్జ్ రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968)కి విడుదలప్పుడు పేరు మార్చారు. ఆ మార్పులో టైటిల్ కార్డు మీది కాపీరైట్ ప్రకటన ఎగిరిపోయింది, దాంతో సినిమా ఎవరైనా వాడుకోవచ్చన్నట్టు అయిపోయింది. అందుకే నెట్‌లో మసకబారిన కాపీలు కోకొల్లలు. 2016లో పునరుద్ధరించిన ప్రింటు చూస్తే నలుపూ తెలుపూ ఎంత స్పష్టంగా విడిపోతాయో తెలుస్తుంది. పాడైన కాపీ చూసి కెమెరామన్‌ని తిడితే తప్పు మనదే. ‘ది వికర్ మ్యాన్’ (1973)కైతే వేర్వేరు నిడివుల వెర్షన్లున్నాయి. వర్మ ‘రాత్రి’ (1992) హిందీలో ‘రాత్’గానూ వచ్చింది. కాబట్టి నిడివి, భాష, థియేటరా ఓటీటీనా అన్నది రివ్యూ మొదట్లోనే ఒక్క లైనులో చెప్పేయండి.

ఇంట్లో చూస్తుంటే టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నునుపుగా చూపించే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. సౌండ్‌లో నైట్ మోడ్ కూడా తీసేయాలి. అది చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. నిశ్శబ్దానికీ అరుపుకీ మధ్య తేడా పోతే జంప్ స్కేర్ (ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే చోటు) చప్పగా తేలిపోతుంది, మనమేమో ‘వర్కవుట్ కాలేదు’ అని రాసేస్తాం. పగలు కర్టెన్లు వేయకుండా చూసి ‘సీన్లన్నీ చీకటే’ అనడమూ ఇలాంటిదే.

మొదటిసారి చూసేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దు. చిన్న కాగితం మీద నిమిషం, రెండు మూడు మాటలు చాలు: ‘41, మెట్లు, ఫ్యాన్ ఆగింది’. తర్వాత ముఖ్యమైన రెండు సీన్లు మళ్లీ చూడండి. ఒకసారి మ్యూట్ చేసి, ఇంకోసారి కళ్లు మూసుకుని. మ్యూట్‌లోనూ ఒళ్లు జలదరిస్తే ఆ పని కెమెరాది, ఎడిటింగ్‌ది. బొమ్మ లేకపోయినా గుండె దడదడలాడితే సౌండ్ డిజైన్‌ది.

‘క్యాట్ పీపుల్’ (1942)లో ఒక సీన్ ఉంది. రాత్రిపూట ఒకామె పార్కు గోడ వెంట నడుస్తుంటుంది. వెనకాల ఇంకో జత హైహీల్స్ చప్పుడు. కాసేపటికి ఆ రెండోది ఆగిపోతుంది. ఆమె వెనక్కి చూస్తుంది, ఎవరూ లేరు. నడక వేగం పెంచుతుంది. ఉన్నట్టుండి బుస్సుమని ఒక శబ్దం, పక్కనుంచి బస్సు దూసుకొచ్చి ఆగుతుంది. నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఈ పద్ధతిని ‘లూటన్ బస్’ అంటారు. దీని గురించి ‘సౌండ్ అదిరింది’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ‘రెండో జత అడుగులు ఆగిన దగ్గర్నుంచి మన చెవి వాటినే వెతుకుతుంది, మృగం గుర్రుమంటుందనుకున్న చోట బస్సు బ్రేకు బుస్సుమంటుంది’ అని రాయండి. సినిమా చూడనివాడికి కూడా విషయం అందుతుంది.

కథ ఎంత చెప్పాలి? వంద నిమిషాల సినిమాలో మొదటి పాతిక నిమిషాలు దాటొద్దు. ముగింపు నచ్చకపోతే ఏం జరిగిందో చెప్పకుండా, ఎలా చెప్పారో విమర్శించవచ్చు: ‘చివరి పావుగంటా డైలాగుల్లో వివరించేశారు’. మన దెయ్యాలకి సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే తోచదు కదా, ఈ వాక్యం తరచూ పనికొస్తుంది.

చిన్న బడ్జెట్ సినిమాకి జాలి మార్కులు వేయొద్దు, అలాగని పెద్ద సినిమా కొలతతోనూ కొలవొద్దు. ఉన్న డబ్బుని దేనికి వాడారో చూడండి. ‘ది టెక్సాస్ చైన్‌సా మాసకర్’ (1974)ని సన్నటి 16 ఎంఎం ఫిల్ము మీద తీసి 35 ఎంఎంకి పెంచారు. అలా పెంచితే బొమ్మలో ఇసుక చల్లినట్టు కనిపించే గ్రెయిన్ వల్లే ఎండా చెమటా మన ఒంటికి అంటుకున్నట్టుంటాయి, అది లోపం కాదు. ‘సస్పీరియా’ (1977)లో పెదాలకి మాట కుదరడం లేదంటే, డబ్బింగ్ తర్వాత చేయడం అప్పటి ఇటలీలో మామూలే. ఆ సంగతి తెలియకుండా ఎగతాళి చేస్తే కల్ట్ అభిమానులు ఊరుకోరు, వాళ్ల కోపంలో న్యాయముంది. కానీ మాట వినపడకపోవడం, సీన్ మధ్యలో వెలుతురు మారిపోవడం ఏ బడ్జెట్‌లోనైనా లోపాలే.

పిల్లల మీద, జంతువుల మీద హింస, లైంగిక దాడి ఉంటే కథ బయటపెట్టకుండా ఒక లైనులో హెచ్చరించండి. సెన్సార్ సర్టిఫికెట్ కూడా రాయండి. ఇప్పుడు యూఏలోనే 7, 13, 16 అని మూడు వయసులున్నాయి, ఉత్త ‘యూఏ’ అంటే సరిపోదు. సినిమా తీసినవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే ఆ మాట మొదటి పేరాలోనే చెప్పేయండి.

చివర్లో టైటిల్స్ పూర్తిగా చూసి సౌండ్ డిజైనర్, ప్రోస్థెటిక్ మేకప్ (ముఖానికీ ఒంటికీ అతికించే కృత్రిమ చర్మం, గాయాలు) చేసినవాళ్ల పేర్లు రాసుకోండి. ‘టెక్నికల్ టీమ్ బాగా చేసింది’ అనే బదులు ఆ పేరు పెట్టి, ఏ సీన్‌లో ఏం చేశారో ఒక్క వాక్యం రాయండి.