మీ ఎంపీ ఈ మధ్య ఏం చేశారో మీరే చూసుకోవడం ఎలా

ఎంపీ గారి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వస్తూనే ఉంటాయి. ఒకరోజు శంకుస్థాపన, ఇంకోరోజు రైల్వే మంత్రికి వినతిపత్రం. అవి అబద్ధాలని అనడం లేదు, కానీ వినతిపత్రం ఇచ్చాక ఏమైందన్నది ఫొటోలో ఉండదు కదా. దాన్ని తెలుసుకునే దారులు మనకున్నాయి, చాలావరకు ఫోన్లోనే, పైసా ఖర్చు లేకుండా.

ముందు పార్లమెంటు సైటు సన్సద్ డాట్ ఇన్ తెరవండి. లోక్‌సభలోకి వెళ్లి సభ్యుల జాబితాలో మీ ఎంపీ పేరు వెతికితే వాళ్లు అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన చర్చలు, ఏ స్థాయీ సంఘంలో (శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ) ఉన్నారన్నది కనిపిస్తాయి. హాజరు శాతం, రాష్ట్ర సగటు, దేశ సగటు పక్కపక్కన పెట్టి చూడాలంటే చట్టసభల పనితీరును గమనించే పీఆర్ఎస్ అనే సంస్థ సైటు తేలిక. అయితే మంత్రులుగా ఉన్నవాళ్లు హాజరు పట్టికలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు, అడిగినవాటికి జవాబు చెప్పేదే వాళ్లు. 2024 జూన్‌లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వంలో శ్రీకాకుళం, గుంటూరు, నరసాపురం, సికింద్రాబాద్, కరీంనగర్ ఎంపీలు మంత్రులయ్యారు. అలాంటివాళ్ల పేరు పక్కన ప్రశ్నలు లేవని చూసి "ఏమీ అడగలేదు" అని పోస్టు పెట్టేయడం అన్యాయం.

ఇక ప్రశ్నల లెక్క. రెండొందలు అడిగారు, మూడొందలు అడిగారు అని కరపత్రాల్లో వేస్తారు, నన్నడిగితే ఆ అంకె చూసి ఏదీ తేల్చుకోకండి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలు నక్షత్రం గుర్తువి, వాటికి మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, ఆ జవాబు మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. ఇంకో 230 దాకా నక్షత్రం లేనివి, వాటికి కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. ఒకే ప్రశ్న మీద నలుగురైదుగురు సభ్యుల పేర్లు ఉండొచ్చు, అందరి ఖాతాలోనూ ఒక్కొక్కటి పడుతుంది.

కాబట్టి ఒక్క ప్రశ్న తీసుకుని జవాబుతో సహా చదవండి. మీ ఊరి లెవెల్ క్రాసింగ్ దగ్గర ఓవర్ బ్రిడ్జి గురించే అడిగారనుకుందాం. పీడీఎఫ్ తెరిస్తే పైన ఎ, బి, సి, డి అని ప్రశ్న భాగాలు, కింద మంత్రి జవాబు. రైల్వే జవాబుల్లో తరచూ "ప్రాజెక్టులను రాష్ట్రాలవారీగా కాదు, జోన్లవారీగా చేపడతాం" అన్న వాక్యం కనిపిస్తుంది, దాన్ని దాటేసి కిందికి రండి. బ్రిడ్జికి మంజూరు ఉందా, సర్వేలోనే ఉందా, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) తయారవుతోందా, ఎంత ఖర్చు పెట్టారు, భూసేకరణ ఎవరి దగ్గర ఆగింది, చూడాల్సింది ఇదే. "ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన లేదు" అని ఉంటే మాత్రం బ్రిడ్జి వచ్చేస్తోందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేనట్టే. తర్వాతి సమావేశాల్లో అదే విషయం మీద ఎంపీ మళ్లీ అడిగారా లేదా అన్నది కూడా వెతకండి. వదలకుండా వెంటపడే ఎంపీ ఎవరో అక్కడ తెలిసిపోతుంది, నాకు వంద ప్రశ్నల కంటే ఆ రెండోసారి అడగడమే విలువైనది.

జీరో అవర్‌లో, అంటే అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే సమయంలో, మాట్లాడిన వీడియోలు సన్సద్ టీవీలో దొరుకుతాయి. లోక్‌సభ 377 నిబంధన కింద ఎంపీలు లేవనెత్తిన ప్రజా సమస్యలు కూడా చర్చల విభాగంలో ఉంటాయి.

నియోజకవర్గంలో పనుల విషయానికొస్తే, ఎంపీ లాడ్స్ నిధులు, అంటే స్థానిక పనులకు ఎంపీ సిఫార్సు చేయగల కేంద్ర నిధులు, ఏడాదికి 5 కోట్లు. మన రెండు రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, అంటే సమానంగా పంచినా ఒక్కోదానికి 71 లక్షలు. ఇందులోనే 15 శాతం నిధులను ఎస్సీలు ఉండే ప్రాంతాలకు, 7.5 శాతం నిధులను ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫార్సు చేయాలి. ఊరంతా సీసీ రోడ్లు వేయించలేదని ఎంపీని తిట్టేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. ఇంకోటి, ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, కట్టేది ఇంజనీరింగ్ శాఖ. సిఫార్సు, మంజూరు, పూర్తి, ఈ మూడూ వేరువేరు, ఎంపీ లాడ్స్ పోర్టల్‌లో వాటిని విడివిడిగానే చూసుకోండి. ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి కమ్యూనిటీ హాలు గోడకున్న శిలాఫలకం చదవండి, పని పేరు, ఖర్చు, సంవత్సరం పోర్టల్‌తో కలవాలి.

కలవకపోతే కలెక్టరేట్‌లోని ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయానికి, సీపీఓ ఆఫీసు అంటారు చూడండి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "పనుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒక కాగితం పంపి ఊరుకుంటారు. ఫలానా గ్రామంలో ఫలానా పని, సిఫార్సు తేదీ, మంజూరు ఉత్తర్వు నకలు, చెల్లించిన మొత్తం, ఇలా పేరు పెట్టి అడగండి. అదే చేత్తో దిశ కమిటీ మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసిన రికార్డు) కూడా అడగండి. జిల్లాలో ఉపాధి హామీ లాంటి కేంద్ర పథకాల అమలును సమీక్షించే ఈ కమిటీకి అధ్యక్షత వహించేది ఎంపీనే, మూడు నెలలకోసారి జరగాలి, జరిగిందో లేదో, ఎవరేం అడిగారో ఆ మినిట్స్‌లో ఉంటుంది.

ఇవన్నీ చూశాక మీరే ఒక ప్రశ్న అడిగించాలనుకుంటే సమావేశాలు మొదలయ్యాక వెళ్తే ఆలస్యమైపోతుంది, ఎందుకంటే ప్రశ్నకు 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. వర్షాకాల సమావేశాలు మామూలుగా జులైలో మొదలవుతాయి కాబట్టి జూన్‌లోనే ఎంపీ క్యాంపు ఆఫీసుకు ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఉత్తరంలో ఒకే సమస్య రాయండి, ఏ మంత్రిత్వ శాఖ కిందికొస్తుందో కూడా రాయండి, పాత ప్రశ్నకు వచ్చిన జవాబు ఉంటే దాని ప్రింటు జతచేయండి. సమావేశాలు అయ్యాక సైటులో మీ ఎంపీ పేరు కొట్టి, ఆ శాఖను అడిగారేమో చూడండి.