తేనెటీగల గుంపును పట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు అది గుంపో, పట్టో తేల్చుకోండి. కొమ్మకు ఈగలు మాత్రమే గుత్తిలా వేలాడుతుంటే కొత్త గూడు వెతుక్కుంటున్న గుంపు. కాపాడుకోవడానికి పిల్లలూ తేనె నిల్వా ఉండవు కాబట్టి చాలావరకు శాంతంగానే ఉంటుంది. తరచూ కొన్ని గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే వెళ్లిపోతుంది. ఇబ్బంది లేని చోట ఉంటే వదిలేయడమే మేలు. మైనపు పట్టు కనిపిస్తే లెక్క వేరు. ఎత్తులో వేలాడే పెద్ద ఒంటి పట్టు కొండ తేనెటీగలది. అవి పెట్టెలో ఇమడవు, జోలికి వెళ్లొద్దు.

- తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చిన వాళ్లు ఈ పనికి రాకూడదు.
- లేత రంగు బట్టలు, ముఖానికి వల, చేతి తొడుగులు. సెంటు వద్దు.
- నిచ్చెన ఎక్కితే కింద ఇంకొకరు ఉండాల్సిందే. కరెంటు తీగలు దగ్గరుంటే పని మానుకోండి.
- పిల్లల్ని, కుక్కల్ని దూరంగా పంపండి.
- పెట్టెకు గాలి ఆడే రంధ్రాలు ఉండాలి. మూసిన పెట్టెలో వేడికే ఈగలు చచ్చిపోతాయి.

గుంపు మీద ఎవరైనా పురుగుమందు కొట్టారేమో అడగండి. కొట్టి ఉంటే పట్టొద్దు.

కొమ్మను ఒక్క కుదుపుతో పెట్టెలోకి దులపాలి. రాణి లోపల పడితే మిగతావి వాటంతట అవే వస్తాయి. కొన్ని ఈగలు ద్వారం దగ్గర తోక ఎత్తి రెక్కలు ఆడిస్తుంటే మంచి సూచన. టెన్షన్ పడి వెంటనే మూత బిగించకండి, చీకటి పడేదాకా ఆగితే తిరుగుతున్నవి కూడా చేరతాయి.

కుట్టిందా? ముల్లును వెంటనే గోటితో గీకేయండి. దాని వాసనకు మిగతావి రేగుతాయి. ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.