మూడో సీడీకి పట్టిన బూజు

మాది పర్లాకిమిడి. బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ గేమ్ దొరికిన ప్రతి ఎడిషనూ పోగెయ్యడం నా పిచ్చి. 1998లో వచ్చిన ఐదు సీడీల పెట్టె, 1999 నాటి ఎక్స్‌పాన్షన్ (ఆటకి అదనపు భాగం) ఉన్నాయి. 2012లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషనూ (మెరుగులు దిద్దిన రూపం) కొన్నాను గానీ, డౌన్‌లోడ్ కదా, చేతికి తగలదు.

పోయిన వానాకాలం మూడో సీడీ చదవడం మానేసింది. లైటుకి ఎదురుగా పట్టి చూస్తే అంచున సాలెగూడు లాంటి బూజు. "పొలంలో కట్రా, పిట్టలైనా బెదురుతాయి" అంది అమ్మ.

ముందు చొక్కా అంచుతో గుండ్రంగా తుడిచాను. అదే తప్పు. సీడీలో డేటా గుండ్రంగా చుట్టుకున్న గీతలా, అంటే ట్రాక్‌లా ఉంటుంది. గీత ఆ ట్రాక్ వెంబడే పడితే డేటా వరసగా పోతుంది, అడ్డంగా పడితే డ్రైవ్ చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో నడిమి కన్నం నుంచి అంచుకి తిన్నగా తుడిచాను. బొమ్మ ఉన్న వైపు గోరు తగలనివ్వలేదు, డేటా పొర ఆ పెయింటు కిందే ఉంటుంది మరి.

పాత ల్యాప్‌టాప్ మూలుగుతూ మూలుగుతూ కాపీ చేసింది. ఐదింటినీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, గేమ్ సెట్టింగులుండే బాల్డర్ డాట్ ఐఎన్ఐ ఫైల్లో సీడీల పాత్‌లు (ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలు) ఆ ఫోల్డర్లకి మార్చాను. ఇక గేమ్ సీడీ మార్చమని అడగడం లేదు.

అసలు సీడీలు ఇప్పుడు అమ్మ పట్టుచీరల బీరువాలో, తేమ పీల్చే సిలికా పొట్లాల పక్కన.