ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లను సరిగ్గా పోల్చడం ఎలా

డబ్బా మీది గిగాహెర్ట్జ్ (క్లాక్ వేగం) చూసి ఏది వేగమైనదో తేల్చేయకండి. ఇంటెల్ కోర్ ఐ9-14900కె 6.0 దాకా వెళ్తుంది, ఏఎమ్‌డీ రైజెన్ 7 7800ఎక్స్3డి 5.0 దగ్గరే ఆగుతుంది. అయినా చాలా గేముల్లో రైజెన్ వెనకబడదు, కొన్నిట్లో ముందుంటుంది కూడా. ఎందుకంటే దాని ఎల్3 క్యాష్ (చిప్పులోనే ఉండే వేగమైన మెమరీ) 96 ఎంబీ, ఐ9ది 36. కావలసిన డేటా క్యాష్‌లోనే దొరికితే ర్యామ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. అదే వీడియో ఎన్‌కోడింగ్‌కి వస్తే, 24 కోర్ల ఐ9 ముందు 8 కోర్ల రైజెన్ నిలవదు. అందుకే ముందు మీ పనేమిటో తేల్చుకోండి.

తర్వాత బయోస్ (మదర్‌బోర్డును నడిపే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ఇంటెల్ 13, 14వ తరాల్లో పేరులో కె ఉన్న చిప్పులకు ఇది తప్పనిసరి. పాత మైక్రోకోడ్ (చిప్పు లోపలి నియంత్రణ కోడ్) అవసరానికి మించి వోల్టేజీ అడగడం వల్ల కొన్ని చిప్పులు పాడయ్యాయి; 2024లో సవరణలు వచ్చాయి.

ఎక్కువ మంది పొరపడేది పవర్ లిమిట్ (చిప్పు ఎన్ని వాట్లు వాడొచ్చో చెప్పే హద్దు) దగ్గరే. కొన్ని మదర్‌బోర్డులు దాన్ని పూర్తిగా ఎత్తేసి వస్తాయి. అలా వదిలేస్తే మీరు పోల్చేది చిప్పులను కాదు, బోర్డుల సెట్టింగులను. 14900కెలో పీఎల్1 (ఎక్కువసేపటి హద్దు), పీఎల్2 (కొద్దిసేపటి హద్దు) రెండూ 253 వాట్లకు పెట్టండి. 7800ఎక్స్3డిలో పీపీటీ (ఏఎమ్‌డీ పవర్ లిమిట్) 162 వాట్లు ఉందో లేదో చూడండి.

రెండిట్లోనూ అవే రెండు డీడీఆర్5-6000 ర్యామ్ స్టిక్కులు, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, అంటే ఏఎమ్‌డీలో ఎక్స్‌పో, ఇంటెల్‌లో ఎక్స్‌ఎమ్‌పీ, ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఆన్ చేశాక మొదటి బూట్‌లో స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కి సరిపడే సెట్టింగులను బోర్డు వెతుక్కోవడం) జరుగుతోంది, కంగారుపడి కరెంటు తీయకండి.

ఇప్పుడు ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్‌ని 10 నిమిషాలు నడుపుతూ, పక్కనే చిప్పు రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో క్లాక్, వాట్లు, ఉష్ణోగ్రత చూడండి. మొదటి నిమిషంలో బాగుండి తర్వాత క్లాక్ జారిపోతుంటే, ఉష్ణోగ్రత ఐ9లో 100, రైజెన్‌లో 89 డిగ్రీలను తాకిందేమో చూడండి. తాకితే లోపం కూలర్‌ది, లేదా సరిగా పరవని థర్మల్ పేస్టుది.

గేములకు 1080పి రిజల్యూషన్, తక్కువ (Low) గ్రాఫిక్స్ సెట్టింగ్స్ పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 99 శాతం చూపిస్తుంటే రెండు ప్రాసెసర్లకూ ఒకే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) వస్తుంది. అక్కడ కొలిచింది కార్డునే. రిజల్యూషన్ ఇంకా తగ్గించండి. ఒకే సన్నివేశాన్ని 60 సెకన్ల చొప్పున నాలుగుసార్లు ఆడి, షేడర్లు (గ్రాఫిక్స్ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైలయ్యే మొదటిదాన్ని పక్కన పెట్టి, మిగతా మూడింటి సగటు తీయండి. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా ‘1% లో’ (1% low: అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) ముఖ్యం. ఆటలో తగిలే కుదుపు అందులోనే కనిపిస్తుంది.