పాత విండోస్: అప్‌గ్రేడ్ చేయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అప్పటి నుంచి బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం వైపు మనవాళ్ల ఇళ్లలో, చిన్నచిన్న ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న: "సిస్టమ్ స్లో అయింది, విండోస్ 11 వేయించుకోవాలా, కొత్తది కొనాలా?" ఇందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. స్లో కావడం ఒక జబ్బు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోవడం ఇంకో జబ్బు. ఒకదాని మందు రెండోదానికి వేస్తే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కింద ఒక్కో లక్షణాన్నీ విడిగా చూద్దాం.

దేనికైనా ముందు ఫొటోలు, టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) డేటా, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ కాపీ ఇంకో సిస్టమ్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను.

లక్షణం: ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే ఐదారు నిమిషాలు, ఏది నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంటుంది

నూటికి తొంభైసార్లు అనను గానీ, చాలాసార్లు దీనికి కారణం విండోస్ కాదు, లోపల తిరిగే పాత హార్డ్‌డిస్క్. కింద టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (తిరిగే హార్డ్‌డిస్క్) అని ఉందా, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) అని ఉందా చూడండి. హెచ్‌డీడీ అని ఉండి, మీరు ఏ పనీ చేయకపోయినా అది 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే దొంగ దొరికినట్టే. అలాంటి సిస్టమ్‌లో విండోస్ 11 వేస్తే ఇంకా స్లో అవుతుంది తప్ప బాగుపడదు.

పరిష్కారం ఎస్‌ఎస్‌డీ మార్చడం. కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లేవాళ్లకి ఒక్క మాట: మోడల్ పేరు నోటితో చెప్పడం కంటే లాప్‌టాప్‌నే వెంట తీసుకెళ్లండి. పాతవాటికి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది. కొంచెం కొత్తవాటిలో ఎం.2 స్లాట్ ఉంటుంది. ఈ ఎం.2లోనూ సాటా వేరు, ఎన్‌వీఎంఈ వేరు. చూడటానికి రెండూ సన్నటి పట్టీల్లా ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని స్లాట్‌లో రెండోది పనిచేయకపోవచ్చు. బాటమ్ కవర్ విప్పి మీ ముందే చూపించమనండి. పాత డిస్క్‌ని షాపులో వదిలేయకండి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి.

ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే అదే ట్రిప్పులో 8 చేయించండి. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ చాలదు. డీడీఆర్3 ర్యామ్, డీడీఆర్4 ర్యామ్ ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు కాబట్టి ఇక్కడా లాప్‌టాప్ వెంట ఉండటమే మేలు. ఈ రెండూ మార్చాక 2015 నాటి లాప్‌టాప్ కూడా అర నిమిషంలో డెస్క్‌టాప్‌కి వస్తుంది. అప్పుడు అప్‌గ్రేడ్ గురించి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

డిస్క్ నుంచి టిక్ టిక్ చప్పుడు వస్తున్నా, ఫైళ్లు తెరుచుకోకుండా మొరాయిస్తున్నా అప్‌గ్రేడ్ ఊసే ఎత్తకండి. ముందు డేటా బయటికి తీయండి. ఆ స్థితిలో విండోస్ ఎక్కించడం మొదలుపెడితే ఉన్న ఊపిరి కూడా పోతుంది.

లక్షణం: "ఈ పీసీ విండోస్ 11కి సరిపోదు" అని వస్తుంది

ఈ ఒక్క మెసేజ్ చూసి కొత్త లాప్‌టాప్ కొనేసినవాళ్లు ఉన్నారు. తొందరపడకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ వేసుకుంటే ఏది లేక ఆగిందో విడివిడిగా చెబుతుంది. కారణం రెండు రకాలుగా ఉంటుంది.

ఒకటి, ఉండాల్సింది ఉంది గానీ ఆఫ్‌లో ఉంది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) కావాలి. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో ఇవి బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ఆఫ్ చేసి ఉండటం మామూలే. టీపీఎం ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ చూడండి. అక్కడ లెగసీ అని ఉంటే డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టు. ముందు విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో అదే డిస్క్‌ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయోస్‌ని లెగసీ నుంచి యూఈఎఫ్‌ఐ అనే కొత్త మోడ్‌కి మార్చాలి. వరస తప్పి బయోస్‌ని ముందు మారిస్తే సిస్టమ్ బూట్ కాదు. బూట్ కాలేదని కంగారు పడకండి, బయోస్‌లో మళ్లీ లెగసీ పెడితే తిరిగొస్తుంది.

రెండో కారణం ప్రాసెసర్ పాతది కావడం. ఇంటెల్ అయితే 8వ జనరేషన్, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచే (చిన్న మినహాయింపులున్నాయి) విండోస్ 11కి అనుమతి. జనరేషన్ కనిపెట్టడం తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఐ5-7200యు అని ఉంటే గీత తర్వాత మొదటి అంకె 7, అంటే 7వ జనరేషన్, ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. ఐ5-8250యు అయితే 8వది, ఎక్కుతుంది. 10వ జనరేషన్ నుంచి మొదటి రెండంకెలు చూడాలి.

లక్షణం: ప్రాసెసరే పాతది, సిస్టమ్ మాత్రం బాగానే నడుస్తోంది

కష్టమైన నిర్ణయం ఇదే. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుంది" అనే మాట చాలామంది నోట వింటాను. అయ్యేది ఇది: విండోస్ 11లో ఒక లోపం బయటపడి దానికి అప్‌డేట్ వస్తే, అదే లోపం చాలాసార్లు విండోస్ 10లోనూ ఉంటుంది. అప్‌డేట్‌ని విప్పి చూసినవాడికి పాతదాంట్లో ఎక్కడ దూరాలో తెలిసిపోతుంది. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ దాడి జరిగినప్పుడు దానికి విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోని సిస్టమ్‌లే దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లూ అందులో చిక్కుకున్నాయి. అక్కడ అప్‌డేట్ ఉండీ వేసుకోలేదు, మద్దతు అయిపోయిన సిస్టమ్‌కి వేసుకుందామన్నా అప్‌డేట్ ఉండదు.

దారులు మూడున్నాయి. కాస్త గడువు కావాలంటే ఈఎస్‌యూ అనే పొడిగింపు తీసుకోండి. ఇంట్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. పీసీ సెట్టింగ్స్‌ని ఆ అకౌంట్‌కి సింక్ చేస్తే ఉచితం. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది. సంస్థలకి లెక్క వేరు: మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కి 61 డాలర్లు, ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు.

ఊరి నుంచి వచ్చి మీ దగ్గరుంటున్న అమ్మానాన్నలు యూట్యూబ్, వార్తలు, మెయిల్ వరకే చూస్తారనుకుంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది. మింట్ 22కి 2029 దాకా మద్దతు ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, సౌండ్, తెలుగు అక్షరాలు బాగున్నాయో లేదో చూసుకోవచ్చు. టాలీ, పేజ్‌మేకర్ (అచ్చు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) మాత్రం అందులో నేరుగా నడవవు.

మూడోది సిస్టమ్ మార్చడం. ఆ సిస్టమ్ మీదే రోజూ నెట్‌బ్యాంకింగ్, క్లయింట్ల జీఎస్టీ రిటర్నులు నడుస్తుంటే పొడిగింపు ఉన్నంతకాలం వాడి, ఈలోగా మార్చేయండి. ఇతరుల డబ్బు వివరాలు మన చేతిలో ఉన్నప్పుడు ఇంకో మాట లేదు.

"రూల్ తప్పించి విండోస్ 11 వేసిస్తాం సార్" అనే షాపులు ఉన్నాయి. వేయొచ్చు, పనిచేస్తుంది కూడా. కానీ అలాంటి సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా ఈ తంటాలన్నీ! పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి కోర్ 2 డుయో కాలం ప్రాసెసర్ల మీద విండోస్ 11 బూట్ కూడా కాదు.

లక్షణం: బ్యాంకు సైట్ తెరిస్తే "కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది

ముందు కింద మూల గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయినట్టు. తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లన్నీ బ్రౌజర్‌కి చెల్లనివిగా కనిపిస్తాయి. వీధి చివర వాచీ షాపులో దొరికే సెల్ మార్చి, తేదీ సరిచేస్తే సరిపోతుంది. తేదీ సరిగ్గానే ఉండి, సిస్టమ్ విండోస్ 7 లేదా 8.1 అయితే సంగతి వేరు. వాటికి క్రోమ్ 109 వెర్షన్‌తోనే ఆగిపోయింది. అందులో బ్యాంకు పనులు మానేయండి.

లక్షణం: అనూ స్క్రిప్ట్, పేజ్‌మేకర్ కొత్త విండోస్‌లో నడవవేమోనని టెన్షన్

అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల తెలుగు శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసేవాళ్లకి నా సలహా మిగతావాళ్లకి చెప్పేదానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేయకండి, నెట్ వైరు పీకేయండి.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. అనూ అక్షరాలు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి పెట్టిన ఫాంట్లు అవి. ఫాంటు, కీబోర్డు మేనేజర్, పేజ్‌మేకర్ మూడూ కలిస్తేనే పాత ఫైలు సరిగ్గా కనిపిస్తుంది. వాటిలో ఒక్కటి మొరాయించినా సీజన్‌లో పని ఆగిపోతుంది. విండోస్ 11 అంతా 64 బిట్ కాబట్టి 32 బిట్ పాత ప్రింటర్ డ్రైవర్లు కూడా ఎక్కవు.

అందుకని ఆ పాత సిస్టమ్‌ని కంపోజింగ్‌కే ఉంచి, కస్టమర్ల వాట్సాప్, మెయిల్ పనులకి వేరే సిస్టమ్ పెట్టుకోండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో మార్చుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ని కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేశాకే పాతదాంట్లో పెట్టండి. పాత సిస్టమ్ డిస్క్ మొత్తానికి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి దాచుకోండి. కొత్త పనులు మాత్రం ఇప్పటి నుంచే యూనికోడ్‌లో మొదలుపెడితే మంచిది. పాత మ్యాటర్‌ని కన్వర్టర్‌తో మారిస్తే వత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. పెళ్లికొడుకు పేరైనా సరే కంటితో చదివాకే ప్రింటింగ్‌కి పంపాలి.

లక్షణం: సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాం, రీసెట్ చేస్తే ఏదో కంపెనీ లాగిన్ అడుగుతోంది

బెంగళూరులో ఐటీ కంపెనీలు తీసేసిన లాప్‌టాప్‌లు చవగ్గా వస్తాయి. విండోస్ 11కి సరిపోయే మంచి సరుకు కూడా దొరుకుతుంది. కానీ కొన్నింటిని కంపెనీ తన ఆటోపైలట్ (కంపెనీ సిస్టమ్‌లని నమోదు చేసి నెట్ ద్వారా సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) జాబితాలోంచి తీయకుండానే అమ్మేస్తుంది. నెట్‌కి కలిపి రీసెట్ చేయగానే ఆ కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తుంది. ఆ కంపెనీ వాళ్లు తీస్తే తప్ప అది పోదు. డిస్క్ మార్చినా మళ్లీ వస్తుంది, ఎందుకంటే గుర్తింపు ఆ మెషిన్ హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంటుంది. అమ్మినవాళ్లకి తిరిగి ఇచ్చేయండి. కొనేముందే షాపులో ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, రీసెట్ చేయించి, మామూలు సెటప్ పేజీ వచ్చాకే డబ్బు ఇవ్వండి. బయోస్ పాస్‌వర్డ్ లేదని కూడా అప్పుడే చూసుకోండి.

లక్షణం: అప్‌గ్రేడ్ అయింది, కానీ అవీ ఇవీ పనిచేయట్లేదు

నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ అడిగితే, బయోస్ మార్పులు చూసి డిస్క్ తాళం వేసుకుందన్నమాట. ఆ 48 అంకెల కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్లో లాగిన్ అయి చూసుకోవచ్చు. బయోస్ ముట్టుకోకముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం ఇంకా మేలు.

డీఎస్‌సీ టోకెన్‌ని (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) గుర్తించకపోతే టోకెన్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేయాలి. ప్రింటర్‌కీ అంతే. తెలుగు టైపింగ్ పోతే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చి, ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకోండి.

విండోస్ 10 నుంచి 11కి వెళ్లాక 10 రోజుల దాకా వెనక్కి వచ్చే వీలుంటుంది. ఆ తర్వాత పాత ఫైళ్లు చెరిగిపోతాయి. కాబట్టి నెలాఖరు రిటర్నుల హడావిడిలో అప్‌గ్రేడ్ పెట్టుకోకండి. నెల మధ్యలో ఒక శనివారం ఛార్జర్ పెట్టి మొదలుపెట్టి, సోమవారమే ఒక ప్రింటు తీసి, టోకెన్‌తో ఒక సంతకం పెట్టి, టాలీలో పాత ఏడాది లెడ్జర్ ఒకటి తెరిచి చూడండి. ఏది మొరాయించినా సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి గో బ్యాక్ నొక్కితే విండోస్ 10 తిరిగొస్తుంది.